304, 202, 430: వంటింటి స్టీలులో ఏది మేలు?

స్టీలు సామాన్ల కొట్టులో బేరమంతా బరువు మీదే నడుస్తుంది. కిలో ఎంత, రేకు మందమెంత, మెరుపు ఎలా ఉంది అని చూస్తాం. ఆ గిన్నె పులుసుకు ఎన్నేళ్లు తట్టుకుంటుందో తేల్చేవి మాత్రం అందులోని నికెల్, క్రోమియం పాళ్లు. 304 అనే గ్రేడు స్టీలులో నికెల్ కనీసం 8 శాతం, క్రోమియం సుమారు 18 శాతం ఉంటాయి. సామాన్ల మీద కనిపించే 18/8 అంటే ఇదే. 200 సిరీస్‌లో నికెల్ తగ్గించి, ఆ లోటును మాంగనీస్‌తో పూడుస్తారు: 202లో నికెల్ 4–6 శాతం, మన దేశంలో విరివిగా దొరికే జె4లో సుమారు 1 శాతం. 430లో క్రోమియం 16–18 శాతం, నికెల్ దాదాపు సున్నా.

తుప్పును ఆపేది ముఖ్యంగా క్రోమియం. గాలి తగలగానే పైన కంటికి కనిపించనంత పల్చటి ఆక్సైడ్ పొర కడుతుంది, గీత పడినా మళ్లీ కట్టుకుంటుంది. నికెల్ పని వేరు. అది ఇనుములో పరమాణువుల అమరికనే మార్చేసి, లోహానికి బాగా సాగే గుణం ఇస్తుంది. చదును రేకును ప్రెస్సు కింద లోతైన బిందెగా లాగినా పగలకపోవడం దాని చలవే. నికెల్ విడిగా అయస్కాంతానికి అంటుకునే లోహమే. కానీ అది తెచ్చిన ఈ అమరికకు అయస్కాంతం అంటదు.

అందుకే ‘అయస్కాంతం అంటలేదు, కాబట్టి మంచి స్టీలు’ అనే మాటను నేను ఒప్పుకోను. మాంగనీస్, నైట్రోజన్ కలిసి కూడా అదే అమరికను ఇస్తాయి కాబట్టి జె4కూ అంటదు. ఆ పరీక్షలో అయస్కాంతానికి అంటుకునే 430 దొరికిపోతుంది గానీ, 304కూ జె4కూ తేడా తెలియదు. పైగా ప్రెస్సులో నలిగిన చోట అసలు 304 గిన్నెకే అయస్కాంతం కాస్త అంటుకోవచ్చు.

అసలు మెలిక ఇంకొకటుంది. క్రోమియం ఈ అమరికను చెడగొట్టే వైపు లాగుతుంది. నికెల్ బాగా తగ్గిస్తే క్రోమియమూ తగ్గించక తప్పదు. జె4లో అది 15–16 శాతం దగ్గరే ఆగుతుంది. అంటే నికెల్ దగ్గర మిగిల్చిన డబ్బుకు తుప్పును ఆపే శక్తి మూల్యమవుతోంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పల్చటి పొరను చుక్కలు చుక్కలుగా తొలుస్తుంది, పులుపు దానికి తోడవుతుంది. చేపల పులుసును మర్నాటికి ఉంచుకునే ఇళ్లలో, ఉప్పునీటి బోర్లున్న ఊళ్లలో పులుసు గిన్నె, చారు తపేలా, నీళ్ల బిందె 304లోనే కొనాలి. ఊరగాయకు అదీ చాలదు, జాడీయే సరి. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న బాల్కనీ కమ్మీలకైతే 2–3 శాతం మాలిబ్డినం కలిపిన 316 వాడాలి.

అలాగని 200 సిరీస్ పనికిరానిదేమీ కాదు. 1950లలో, కొరియా యుద్ధం నాటి నికెల్ కొరతలో అది బాగా అక్కరకొచ్చింది. నికెల్ ధర ఎప్పుడెలా ఎగురుతుందో చెప్పలేం. 2022 మార్చిలో లండన్ మార్కెట్లో టన్ను లక్ష డాలర్లు దాటింది. బియ్యం, పప్పుల డబ్బాలకు, కంచాలకు 202 హాయిగా చాలు. దాన్ని 304 ధరకు అంటగట్టడమే అన్యాయం.

430ని చులకనగా చూస్తారు గానీ, ఇండక్షన్ పొయ్యికి పనికొచ్చేది అదే. 304 గిన్నె అడుగున కూడా అయస్కాంతానికి అంటుకునే లోహపు పొర అతికిస్తేనే ఆ పొయ్యి మీద వేడెక్కుతుంది. 1950 నాటి మన రూపాయి నాణెం అచ్చంగా నికెల్‌తో చేసింది, ఇప్పటిది 430 లాంటి, నికెల్ లేని స్టీలు. గిల్టు దుద్దులు పెడితే చెవి పుండయ్యేవాళ్లలో చాలామందికి పడనిది నికెలే. 304 గిన్నెలో పులుపు ఎక్కువసేపు ఉడికితే అతి కొద్దిగా నికెల్ దిగుతుంది, కొత్త గిన్నెలో ఎక్కువ, వాడేకొద్దీ తక్కువ. చాలామందికి దానితో ఇబ్బంది లేదు. నికెల్ బాగా పడనివాళ్లు మాత్రం పులుపు వంటలకు 430 ఎంచుకోవడం మేలు.

కొట్టులో తేల్చుకునే దారి ఉంది. మాంగనీస్ ఎక్కువుంటే రంగు మారే పరీక్ష ద్రావకం దొరుకుతుంది. ఒక్క చుక్క, చిన్న బ్యాటరీ చాలు. స్టీలు పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024 మార్చిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి ఆ గుర్తు చూడండి. గ్రేడు నంబరు బిల్లు మీద రాయమని అడగండి, రాయనంటే 304 ధర ఇవ్వకండి.