ఆర్క్ రిలే: ఏడాది వాడకం తర్వాత

రాయగడలోని మా రైస్ మిల్లులో 415 వోల్టుల ప్యానెల్‌లో కరెంటును పంచే లోహపు పట్టీ (బస్‌బార్) దగ్గర ఆర్క్, అంటే గాలిలోంచి కరెంటు దూకే మెరుపు, లేచి తలుపు ఊడిపడిన తర్వాత, కాంతిని పసిగట్టే ఆర్క్ రిలేను నిరుడు పెట్టించాము. మెరుపు, కరెంటు పెరుగుదల రెండూ కలిస్తేనే ట్రిప్ అయ్యేలా, అంటే సరఫరా తెగేలా, అమర్చుకోవడం వల్ల టార్చిలైటుకు మోసపోదు. కొన్ని మిల్లీసెకన్లలోనే బ్రేకర్‌కు (సరఫరాను తెంచే స్విచ్చుకు) ఆదేశం ఇస్తుంది గాని, బ్రేకర్ తెరుచుకునే సమయాన్ని అది తగ్గించలేదు కనుక, బిగుసుకుపోయిన పాత బ్రేకర్‌ను సర్వీసు చేయించకుండా దీన్ని కొనడం దండగ.

అమర్చిన మనిషి ఒక సెన్సరును కేబుళ్ల వెనుక దాచేశాడు. మేమే విప్పి ముందుకు జరిపాము. ఊకధూళి సన్నని పొరలా పేరుకుంటుంది కాబట్టి, సరఫరా ఆపి నెలకోసారి తుడుస్తున్నాము.

చదరపు సెంటీమీటరుకు 1.2 క్యాలరీల వేడికే చర్మం బొబ్బలెక్కుతుంది. అందుకే రిలే ఉన్నా ఫేస్‌షీల్డు, ఆ వేడిని తట్టుకునే ఆర్క్ సూటు తీసేయలేదు, మే నెల ఉక్కలో ఎలక్ట్రీషియన్లు ఎంత గొణిగినా సరే.