షిప్పింగ్ పనికి ఢిల్లీ లాయరా, ముంబై లాయరా? ఏది మేలు?

విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం వైపు నుంచి నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "షిప్పింగ్ మినిస్ట్రీతో పని పడింది. ఢిల్లీలో మంచి లాయరెవరైనా తెలుసా అండీ?" అడిగేవాళ్లలో బార్జి యజమానులు, షిప్ ఏజెంట్లు, స్టీవెడోర్లు (నౌకల్లో సరుకు ఎక్కించి దించేవాళ్లు), కస్టమ్స్ బ్రోకర్లు అందరూ ఉంటారు. అడిగే తీరులోనే సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది. ప్రభుత్వమంటే ఢిల్లీ కాబట్టి లాయరూ అక్కడే ఉండాలని వాళ్ల లెక్క. ఈ మధ్య మా ఆఫీసుకూ అలాంటి పనే పడితే, రెండు ఊళ్లలోనూ కొందరితో కూర్చుని మాట్లాడి ముంబై షిప్పింగ్ లాయర్‌ను పెట్టుకున్నాం. ఢిల్లీ వాళ్లు గొప్పగా చేసే పనులు కొన్ని ఉన్నాయి, వాటినీ చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది ఆ ఫైలు మీద చివరి సంతకం ఎవరిదన్నది. విశాఖ మేజర్ పోర్టు, కేంద్రం కిందిది. అయినా అక్కడి రేట్ల గొడవ పట్టుకుని ఢిల్లీ వెళ్లే రోజులు పోయాయి. రేట్లు నిర్ణయించే అధికారాన్ని మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం 2021లో టాంప్ అనే కేంద్ర రేట్ల సంస్థ నుంచి తీసేసి పోర్టు బోర్డుకే ఇచ్చింది. వివాదాలకు అడ్జుడికేటరీ బోర్డు అని ఇంకొకటి పెట్టింది. గంగవరం, కృష్ణపట్నం, కాకినాడ నాన్ మేజర్ పోర్టులు కాబట్టి వాటి సంగతి రాష్ట్ర ప్రభుత్వం, ఏపీ మారిటైమ్ బోర్డు చూస్తాయి. తీరం వెంబడి సరుకు మోయడానికి విదేశీ జెండా నౌకను చార్టరుకు (అద్దెకు) తీసుకోవాలంటే లైసెన్సు కేంద్రం కింద ఉండే నౌకాయాన డైరెక్టర్ జనరల్ (డీజీ షిప్పింగ్) ఇవ్వాలి, ఆ ఆఫీసు ఉన్నది ముంబైలో. కస్టమ్స్ దగ్గర సరుకు ఆగితే కమిషనర్ విశాఖలోనో విజయవాడలోనో ఉంటారు. ఇవన్నీ తీసేశాక ఢిల్లీలో షిప్పింగ్ మినిస్ట్రీ ఉండే ట్రాన్స్‌పోర్ట్ భవన్‌కు మిగిలేది పాలసీ. అంటే చట్టం మార్చడం, రూల్స్ రాయడం, వేరే శాఖలతో ముడిపడ్డ విషయాలు తేల్చడం. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఇవేవీ కావు. వాళ్లకు ఒక లైసెన్సు రావాలి, ఒక పెనాల్టీ తగ్గాలి, లేదా ఒక సర్క్యులర్ తమకు వర్తించదని తేలాలి.

ఢిల్లీ లాయర్ విలువ తెలియాలంటే 2025 సంగతి చూడాలి. ఆ ఒక్క ఏడాదిలో పార్లమెంటు ఐదు చట్టాలు చేసింది. బిల్స్ ఆఫ్ లేడింగ్, సముద్ర సరుకు రవాణా, కోస్టల్ షిప్పింగ్, మర్చంట్ షిప్పింగ్, పోర్టులు. 1856 నుంచి నడుస్తున్న చట్టం కూడా అందులో కొట్టుకుపోయింది. ఇలాంటి చట్టాల్లో అసలు నొప్పి కలిగించే వివరాలు రూల్స్‌లో వస్తాయి. భారత నౌక తీర వ్యాపారం చేయడానికి లైసెన్సు అక్కర్లేదని కోస్టల్ షిప్పింగ్ చట్టం ఒక్క ముక్కలో చెబుతుంది. విదేశీ నౌకకు ఏ షరతులతో ఇస్తారు, ఏ సమాచారం ఎప్పటిలోగా పంపాలి అన్నవి మాత్రం కింద రాసే రూల్స్‌ను బట్టి ఉంటాయి. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014 నాటి కేంద్ర విధానం చెబుతోంది. ఆ 30 రోజుల్లో ముసాయిదాలోని ఫలానా క్లాజును ఇలా మార్చండి అని చట్టం భాషలోనే రాసి ఇవ్వగలిగేది, పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి మెమొరాండం పద్ధతిగా పెట్టగలిగేది ఢిల్లీ వాళ్లే. షిప్పింగ్ శాఖ సరేనన్నా ఆర్థిక శాఖ కాదనే విషయాల్లో, ఎవరి అభ్యంతరం ఎక్కడుందో పసిగట్టడంలోనూ వాళ్ల చేయి పైన ఉంటుంది.

కానీ ఆ ఆఫీసుల్లో ఈ పని చేసేవాళ్లు చాలావరకు అన్ని రంగాలూ చూస్తారు. నిన్న టెలికాం, ఇవాళ పోర్టులు, రేపు మందుల కంపెనీలు. నౌక అద్దె ఒప్పందమైన చార్టర్ పార్టీలో లేటైమ్ (సరుకు ఎక్కించి దించడానికి ఇచ్చే గడువు) అంటే ఏమిటో మనమే కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తుంది. పైగా వాళ్లు అడిగేది ఎక్కువగా నెలవారీ రిటైనర్. పని జరిగినా జరగకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఐదారు టెర్మినళ్లున్న కంపెనీ దాన్ని భరిస్తుంది. రెండు బార్జిలున్న మనిషికి ఎందుకు?

ఇక ముంబై. అక్కడి షిప్పింగ్ లాయర్లు ప్రధానంగా కోర్టు మనుషులు. నౌక అరెస్టులు, చార్టర్ పార్టీ ఆర్బిట్రేషన్లు, బీమా క్లెయిములు వాళ్ల రోజువారీ పని. ప్రభుత్వంతో వ్యవహారం వాళ్లకు పక్క పని అని చాలామంది తీసిపారేస్తారు. మేం వాళ్లను ఎంచుకున్నది ఆ కోర్టు అలవాటు చూసే.

ఎందుకంటే మన దేశంలో ప్రభుత్వంతో పని నడిచేది రిప్రజెంటేషన్ మీద, అంటే అధికారికి రాసిచ్చే విన్నపం మీద. ఎంతమందిని కలిసినా, ఎన్ని టీలు తాగినా, చివరికి ఫైల్లో ఉండేది మీరిచ్చిన ఆ కాగితమే. ఇప్పుడు ఫైళ్లను కంప్యూటర్‌లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. ఎవరి లాగిన్‌లో ఎన్ని రోజులుందో, ఎవరు ఏ నోట్ రాశారో అన్నీ నమోదవుతాయి. ఇంతకుముందులా ఫలానా సెక్షన్ ఆఫీసర్ దగ్గర కూర్చుని ఫైలు కదిలించే మనిషికి అంత విలువ లేదు. కాగితంలో చట్టం సెక్షను, మీకు జరిగిన నష్టం, మీరు అడుగుతున్న ఉత్తర్వు మూడూ అంకెలు వేసి విడివిడిగా ఉంటే, అవతలి అధికారి ఒక్కోదానికీ జవాబు రాయాల్సి వస్తుంది. దేనికైనా రాయకుండా వదిలేశారంటే అది మీకు రేపు పనికొచ్చే ఆయుధం.

రేపు అంటే కోర్టు. అధికారి నెలల తరబడి పలకకపోతే హైకోర్టులో రిట్ వేస్తాం. ఎక్కువసార్లు కోర్టు చేసేది, ఆ రిప్రజెంటేషన్‌ను ఇన్ని వారాల్లో పరిశీలించి కారణాలతో ఉత్తర్వు ఇవ్వమని చెప్పడమే. విషయంలోకి వెళ్లదు. అంటే కోర్టు దాకా వెళ్లి తిరిగొచ్చాక కూడా అధికారి ముందుండేది మొదట రాసిన ఆ కాగితమే. ఇంకో సంగతి. ఒక ఉత్తర్వు నిలబడుతుందా లేదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు కలపడానికి వీల్లేదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977 డిసెంబరులోనే చెప్పింది. మీ రిప్రజెంటేషన్ ఎంత గట్టిగా ఉంటే, దాన్ని తోసిపుచ్చే ఉత్తర్వు రాయడం అవతలివాళ్లకు అంత కష్టం. రేపు జడ్జి ముందు ఇదే కాగితాన్ని చదవాల్సింది తానే అని తెలిసిన మనిషి రాసే తీరు వేరు. మంత్రిగారి అపాయింట్‌మెంట్ ఇప్పించే మనిషి రాసే తీరు వేరు. మేం చూసిన ఢిల్లీ ముసాయిదాల్లో దేశ ఆర్థిక ప్రగతి, సముద్ర వాణిజ్య దార్శనికత పేజీల కొద్దీ ఉంది. మేం అడిగే ఉత్తర్వు మాత్రం చివరి పేరాలో ఎక్కడో నక్కింది. ముంబై ఆయన మా నాలుగు పేజీల గోడును పేజీన్నరకు కోసి, తేదీల పట్టిక ఒకటి జత చేశారు.

ముంబై లాయరంటే కేసు కూడా ముంబైలోనే వేయాలేమోనని కొందరికి టెన్షన్. అక్కర్లేదు. రాజ్యాంగం 226వ అధికరణం ప్రకారం వ్యాజ్య కారణంలో కొంత భాగమైనా మన దగ్గర తలెత్తితే మన హైకోర్టులోనే రిట్ వేయవచ్చు. డీజీ షిప్పింగ్ ఉత్తర్వు వల్ల విశాఖలో మీ బార్జి ఆగిపోయిందంటే అమరావతిలో వేయడానికి దారి ఉంటుంది. కాగితం ముంబైలో రాయించుకుని, వాదన ఇక్కడి లాయర్‌కు అప్పగించడం చాలామందికి సరిపడే పద్ధతి.

ఇక్కడి లాయర్లను మనం తక్కువ చూస్తాం గానీ, ఈ తీరానికి నౌకా న్యాయంలో మంచి చరిత్రే ఉంది. 1984లో గోవా సరుకు వివాదంలో ఎం.వి. ఎలిజబెత్ అనే నౌకను విశాఖలో అరెస్టు చేయించారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ఆ అధికారం ఉందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉందని 1992లో తీర్పు వచ్చింది. దేశం మొత్తానికీ అడ్మిరాల్టీ (నౌకా వివాదాల) పరిధిని మార్చిన తీర్పు అది. కస్టమ్స్, రాష్ట్ర ప్రభుత్వం, మారిటైమ్ బోర్డు అయితే నా ఓటు కూడా ఇక్కడి లాయర్‌కే. 2024 నవంబరులో కాకినాడ యాంకరేజీలో స్టెల్లా ఎల్ నౌక దగ్గర "సీజ్ ద షిప్" అన్న మాట రాష్ట్రమంతా మారుమోగింది గుర్తుందా? ఆ తర్వాత పలు శాఖల అధికారుల కమిటీ కూర్చుంది. అలాంటప్పుడు ఏ శాఖకు ఏ చట్టం కింద ఏది ఆపే అధికారం ఉందో అప్పటికప్పుడు చెప్పగలిగిన, కలెక్టరేట్‌కు గంటలో చేరగలిగిన మనిషి కావాలి. విమానం ఎక్కి వచ్చేవాడు కాదు. కొత్త పోర్టుల చట్టం నాన్ మేజర్ పోర్టుల వివాదాలకు రాష్ట్ర స్థాయి కమిటీ, దాని మీద హైకోర్టు అప్పీలు పెట్టింది కాబట్టి ఇకముందు ఈ పని ఇంకా పెరుగుతుంది.

వ్యాపారుల సంఘం ద్వారా వెళ్తే డబ్బు ఆదా కదా అంటారు. నిజమే, మీ బాధ అందరి బాధా అయినప్పుడు. కానీ ఈ రంగంలో ఒకరి లాభం పక్కవాడి నష్టం. 2018 మేలో విదేశీ నౌకలు ఎగుమతి దిగుమతి కంటైనర్లను ట్రాన్స్‌షిప్‌మెంట్ (ఒక నౌక నుంచి ఇంకో నౌకకు మార్చడం) కోసం మన పోర్టుల మధ్య మోసుకోవచ్చని కేబోటేజ్ (తీర రవాణాను మన నౌకలకే ఉంచే నిబంధన) సడలించారు. భారత నౌకా యజమానుల సంఘం ఇన్సా వద్దంది. కంటైనర్ లైన్లు, ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టులు కావాలన్నాయి. రెండు వైపులా వ్యాపారం ఉన్న సభ్యుడు ఏ సంఘంతో వెళ్లాలి? బెర్తింగ్ క్రమం, డెమరేజి (ఆలస్యపు రుసుము) లాంటి ఉమ్మడి గొడవలకు సంఘం చాలు. మీ ఒక్కరి లైసెన్సుకు సంఘం లెటర్‌హెడ్ మీద వచ్చే ఉత్తరం పెద్దగా పనికిరాదు.

రిటైరైన అధికారుల కన్సల్టెన్సీల గురించి ఎక్కువ చెప్పను. ఏ ఆఫీసులో ఏ ఫైలు ఎలా నడుస్తుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు, సలహాకు మంచిదే. కానీ లాయర్‌తో మీరు చెప్పుకున్నది బయట పెట్టించకుండా కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షను కాపాడుతుంది. కన్సల్టెంటుకు ఆ రక్షణ లేదు. ఇంకా, పలుకుబడి వాడి అధికారి చేత సక్రమం కాని పని చేయిస్తానని డబ్బు తీసుకోవడం అవినీతి నిరోధక చట్టం 7ఏ సెక్షను కింద నేరం. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడు, అతని కంపెనీ కూడా చిక్కుకుంటారు. "పని అయ్యాకే ఇవ్వండి సార్" అని ఎవరైనా అంటే అక్కడే లేవండి.

నౌకకే ప్రమాదమో కాలుష్యమో జరిగితే పి అండ్ ఐ క్లబ్ (నౌకా యజమానుల పరస్పర బీమా సంస్థ) తన స్థానిక ప్రతినిధి ద్వారా లాయర్‌ను పెడుతుంది. అక్కడ మీరు ఎంచుకునేదేమీ ఉండదు.

ఈ లాయర్లు, కన్సల్టెంట్లలో ఎవరు ఏం చేయగలరో ముందే తెలుసుకోవడం మన దగ్గర కష్టం. అమెరికాలో లాబీయింగ్ చేసేవాళ్లు 1995 చట్టం కింద నమోదు చేసుకుని, ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంత తీసుకున్నారో ప్రకటించాలి. ఒక షిప్పింగ్ కంపెనీ ఏ లాయర్‌కు ఎంతిచ్చిందో మనమే ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఇక్కడ అలాంటి చట్టం లేదు. 2013లో లోక్‌సభలో ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు వచ్చింది గానీ ముందుకు పోలేదు. బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం లాయర్లు ప్రచారం చేసుకోకూడదు కూడా. కాబట్టి మంత్రితో దిగిన ఫొటోలు చూసి మోసపోకుండా ఒకటి అడగండి. ఇంతకుముందు ఇలాంటి పనికి రాసిన రిప్రజెంటేషన్, దానికి వచ్చిన ఉత్తర్వు, క్లయింటు పేరు, గుర్తుపట్టే వివరాలు కొట్టేసి చూపించగలరా అని. మేం అడిగినప్పుడు కొందరు వెంటనే తీసి చూపించారు, కొందరు తమకున్న పరిచయాల గురించి మాట్లాడారు.

ఫీజు మాటకొస్తే, మేం మాట్లాడిన ముంబై వాళ్లు పనికింత అని చెప్పారు. రిప్రజెంటేషన్‌కు ఒకటి, హియరింగ్‌కు ఒకటి, రిట్ దాకా వెళ్తే మళ్లీ వేరే. ఏ మెట్టు దగ్గరైనా ఆపేయొచ్చు. ఒకే నెలలో ముగిసే పనికి ఢిల్లీ రిటైనర్ చవకగా కనిపిస్తుంది గానీ, ప్రభుత్వంలో ఒక నెలలో ముగిసే పని ఏదో నాకు ఇంకా కనబడలేదు. కొటేషన్లు పోల్చేటప్పుడు జీఎస్టీ కూడా చూసుకోండి. లాయర్ ఫీజు మీద జీఎస్టీని రివర్స్ ఛార్జ్ కింద వ్యాపార సంస్థే కట్టాలి, కాబట్టి బిల్లులో అది కనిపించదు. కన్సల్టెంటు బిల్లులో మాత్రం కలిసి వస్తుంది.