‘ఒరిజినల్ బాక్స్’ అంటే ఒరిజినల్ డిస్క్ కాదంట, తెలుసుకోండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, రాత అటూ ఇటూ పోతే ఏమనుకోకండి. పాత పీఎస్2 (ప్లేస్టేషన్ 2 గేమ్ కన్సోల్) గేమ్ డిస్కులు కొనేవాళ్లకి, వాటిని అమ్మే ఈ మహానుభావుడు ఎవరో చెప్పక్కర్లేదు. ప్రతి ఫొటో కింద ‘రేర్’ అని రాస్తాడు, డబ్బు పడేదాకా ‘సర్’ అంటాడు, పడ్డాక ‘బ్రో’ అంటాడు. ఆయనే. పేరు రాయను.

ఆయన దగ్గర నేను కొన్నది రెండో ప్రపంచయుద్ధం మీద తీసిన షూటింగ్ గేమ్, మెడల్ ఆఫ్ ఆనర్: రైజింగ్ సన్. నవ్వుకోండి, పర్వాలేదు. అంతకుముందు ఏడాది ఇదే సిరీస్‌లో వచ్చిన ఫ్రంట్‌లైన్‌ని నెత్తిన పెట్టుకున్నవాళ్లే 2003లో దీన్ని తిట్టిపోశారు. శత్రువులకి బుర్ర లేదు, ఆట ఇట్టే అయిపోతుంది, హీరో తమ్ముడు జపాన్ వాళ్ల చేతికి చిక్కాక కథ అక్కడే వదిలేశారు, తరువాయి భాగం రానే లేదు. అన్నీ నిజమే. కానీ ఆ మొదటి లెవెల్ ఉందే! 1941 డిసెంబర్ 7, పెర్ల్ హార్బర్. యూఎస్‌ఎస్ కాలిఫోర్నియా ఓడలో నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తాం. లోపలంతా మంటలు, పొగ. పడుతూ లేస్తూ డెక్ మీదికి వస్తే తల మీద విమానాలే విమానాలు. ఆ తర్వాత ఆట ఎంత నీరసంగా నడిచినా ఆ పది నిమిషాల కోసం క్షమించేయొచ్చు. పైగా ఇద్దరు ఒకే టీవీని చెరి సగం పంచుకుని ఆడొచ్చు. నేనూ మా బావా ఒక ఎండాకాలం సెలవులన్నీ దాని మీదే తగలేశాం. దొంగ కాపీలు కూడా నడిచేలా చిప్ వేయించిన కన్సోల్, యాభై రూపాయల దొంగ డిస్క్.

ఈ యాభై రూపాయలు గుర్తుపెట్టుకోండి.

బావ విజయవాడ నుంచి ఆదివారం వస్తున్నాడని తెలిసి, ఈసారి దొంగ కాపీ వద్దు, అసలుదే ఆడదామని 2,400 పంపాను. ముందే, మొత్తం. ఎవరూ అడగని ఫ్లాప్ గేమ్ కోసం ఎవడు మోసం చేస్తాడులే అనుకున్నా. అదీ నా తెలివి. ఆయన పంపిన వీడియోలో గేమ్ చక్కగా నడుస్తోంది. టీవీ మాత్రమే కనిపిస్తోందని, డిస్క్ ఒక్కసారి కూడా కనపడలేదని ఇప్పుడు తెలుస్తోంది.

పార్సిల్ విప్పాం. బాక్స్ అసలుదే. లోపల పుస్తకం కూడా అసలుదే. డిస్క్ తిప్పితే కింద వైపు వంకాయ రంగు. పీఎస్2 డీవీడీ గేమ్ అయితే వెండి రంగు ఉండాలి, సీడీలో వచ్చిన గేమ్ అయితే నీలం. వంకాయ రంగంటే ఇంట్లో కూర్చుని ఖాళీ డిస్క్ మీదికి కాపీ కొట్టిందని. ఇది నేనే పదిమందికి చెప్పి ఉంటా! అయినా ఆశ చావక ట్రేలో పెట్టా. నా కన్సోల్‌కి చిప్ లేదు. ఈ డిస్క్ చెల్లదంటూ ఎర్ర తెర వచ్చింది. బావ ఏమీ అనలేదు. “బిర్యానీ చల్లారిపోతోంది రా” అన్నాడు.

అమ్మినాయన రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి ఏమన్నాడో వినండి.

“ఒరిజినల్ బాక్స్ అని పెట్టా కదా బ్రో. బాక్స్ ఒరిజినలే కదా?”

మరి డిస్కో?

“వర్కింగ్ డిస్క్ అన్నా. చిప్ ఉన్నదాంట్లో వర్క్ అవుద్ది. మీకు చిప్ లేకపోతే నేనేం చేస్తా?”

నేను నోరు తెరిచేలోపే ఇంకోటి: “అయినా ఆ చెత్త గేమ్ ఇప్పుడెవడు ఆడతాడు బ్రో, షెల్ఫ్‌లో పెట్టుకోడానికేగా!”

పైగా నవ్వు. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వే కాలుతోంది. చెత్త అయితే 2,400 ఎట్లా తీసుకున్నావయ్యా? రేర్ చెత్తా? ఈ మాట నాకు అప్పుడు తట్టిందా, లేదు. రాత్రి పళ్లు తోముకుంటుంటే తట్టింది. ఫోన్‌లో నేను అన్నది “సరే బ్రో”. నిజంగా అదే అన్నాను. ఆ తర్వాత బ్లాక్ చేశాడు. ప్రకటన మళ్లీ తీసి చదివితే అక్షరాలా అలాగే ఉంది: ‘ఒరిజినల్ బాక్స్ మాన్యువల్ వర్కింగ్ డిస్క్’. కామా కూడా లేదు. వకీలు దగ్గర రాయించుకున్నాడేమో.

చిన్నప్పుడు తెలిసి యాభైకి కొన్న దొంగ డిస్క్‌నే, పెద్దయ్యాక తెలియక 2,400కి కొన్నాను. ఎదుగుదల అంటే ఇదే కాబోలు.

సరే, కొనేముందు డిస్క్ కింద వైపు ఫొటో అడగండి. వీడియో అయితే డిస్క్ ట్రేలో పెట్టడం దగ్గర నుంచి ఆపకుండా తీయమనండి, కన్సోల్‌కి చిప్ ఉందో లేదో అడగండి. మన దగ్గర అమ్మిన కన్సోళ్లు పాల్ రకం (అమెరికాది కాని వేరే టీవీ పద్ధతికి చేసినవి), అమెరికా డిస్క్ అసలుదైనా చిప్ లేకపోతే నడవదు, అదీ చూసుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నాలాగా మూడు రోజులు ‘చూద్దాంలే’ అని కూర్చోకండి.

ఎవరి దగ్గరైనా నిజం రైజింగ్ సన్ డిస్క్ ఉంటే చెప్పండి. సంక్రాంతికి బావ మళ్లీ వస్తాడు. బాక్స్ అక్కర్లేదు, నా దగ్గర ఒకటి ఉంది. ఒరిజినలే.