మా లెంట్ రిట్రీట్ ఎలా జరిగింది: సిలువ ఎత్తుకోవడం గురించి రెండు రోజులు

మా పాస్టరేట్ (ఒక పాస్టర్ కింద ఉండే సంఘాలు) వాళ్లు ప్రతి ఏడూ శ్రమకాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ రోజుల్లో, గుంటూరు దగ్గర పెట్టే రిట్రీట్‌కి (ధ్యాన కూటానికి) ఈసారి ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నం భోజనాలతో ముగుస్తుంది, మనిషికి 600 రూపాయలు, పడక, భోజనం అన్నీ అందులోనే. వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, తప్పకుండా వెళ్లండి. ముఖ్యంగా ఇంట్లో పడుతున్న బాధనంతా "ఇది నా సిలువ, మోయక తప్పదు" అని సరిపెట్టుకుంటూ బతుకుతున్నవాళ్లు వెళ్లాలి.

ఈసారి ధ్యానాంశం లూకా సువార్త 9:23. సిలువ ఎత్తుకుని నన్ను వెంబడించండి అని యేసు అన్న మాట మత్తయిలో, మార్కులో కూడా ఉంది గానీ, "ప్రతిదినము" అన్నది లూకా ఒక్కడే రాశాడు. రెండు రోజులూ ఆ ఒక్క వాక్యం మీదే కూర్చోబెట్టారు, అయినా విసుగు రాలేదు. శుక్రవారం రాత్రి పాస్టర్ గారు ఆ కాలం గురించి చెప్పారు. శిక్ష పడ్డవాడు సిలువ అడ్డదూలాన్ని తన భుజాల మీదే మోసుకుంటూ వధించే చోటికి నడిచేవాడట. యేసు పుట్టిన కాలంలోనే, క్రీ.పూ. 4లో, హేరోదు రాజు చనిపోయాక గలిలయలో, యూదయలో తిరుగుబాట్లు లేస్తే, రోమా అధికారి వారస్ దాదాపు 2000 మందిని సిలువ వేయించాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అప్పుడు తగలబడిన సెప్ఫోరిస్ పట్టణం యేసు పెరిగిన నజరేతుకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అంటే ఆ మాట విన్న శిష్యులకు సిలువ అంటే మెడలో గొలుసు కాదు, గోడ మీద బొమ్మ కాదు, వాళ్లు ఆ శిక్షని ఊరి బయట కళ్లారా చూసినవాళ్లో, చూసినవాళ్లు చెప్పగా విన్నవాళ్లో అయ్యుంటారు. ఇంత విన్నాక ఆ వచనాన్ని తేలిగ్గా చదివెయ్యడం నా వల్ల కావడం లేదు.

అసలు విషయం శనివారం ఉదయం. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నడిపించారు, పాస్టరమ్మ కాదు, ఏ పదవీ లేదు, బైబిలు మాత్రం అరచేతిలో గీతలు చూసినట్టు తెలుసు ఆవిడకి. మొదటి ప్రశ్నే సూటిగా అడిగారు: మీకు షుగర్ వచ్చింది, అది సిలువా? మీ ఆయన తాగొచ్చి కొడుతున్నాడు, అది సిలువా? హాల్లో సగం మంది అవునన్నట్టు తల ఊపారు. ఆవిడ కాదన్నారు. రోగం కష్టమే, దేవుడు అందులో తోడుంటాడు, కానీ అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ఉన్న ముల్లును ముల్లు అనే అన్నాడు, సిలువ అనలేదు, దాన్ని తీసెయ్యమని ముమ్మారు ప్రార్థించాడు. కొరడాలతో కొట్టబోతే అదే పౌలు నేను రోమా పౌరుణ్ణి, విచారణ లేకుండా ఎలా కొడతారని నిలదీశాడు, అపొస్తలుల కార్యములు 22లో ఉంది చూసుకోండి. పేతురు కూడా మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో దొంగగానో హంతకుడిగానో పడే శిక్షనీ, క్రైస్తవుడిగా పడే బాధనీ వేరు చేసి చెప్పాడు. యేసును వెంబడిస్తున్నందుకు మనమే ఒప్పుకుని నెత్తికెత్తుకునేది సిలువ, పక్కవాడి పాపం మన వీపు మీద పడితే అది సిలువ కాదు, దాన్ని ఆపాలి. ఇంతవరకూ చెప్పి, ఆవిడ మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు బోర్డు మీద రాసి, 2005లో చేసిన గృహహింస చట్టం ఉంది, ఎవరికైనా అవసరమైతే మాట్లాడదాం రండి అన్నారు. చర్చి వేదిక మీద నుంచి ఈ మాట వినాలని నేను ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఓర్చుకోమ్మా, నీ సిలువ అదే అని చెప్పి ఆడపిల్లల్ని వెనక్కి పంపించిన పెద్దలు మన సంఘాల్లో తక్కువేం కాదు.

తర్వాత చర్చలో ఒక యువకుడు లేచి, మరి కురేనీయుడైన సీమోను సంగతేంటి, అతన్ని బలవంతం చేసి మోయించారు కదా అని అడిగాడు. మంచి ప్రశ్న. ఆవిడ తొందరపడలేదు. సీమోను మోసింది యేసు సిలువని, అతను ఎవరికీ బానిస కాలేదు, పైగా అలెగ్జాండరు, రూఫస్‌ల తండ్రి అని మార్కు పేర్లతో రాశాడంటే ఆ పిల్లలు సంఘానికి తెలిసినవాళ్లే అయ్యుండాలి, ఆ మోత ఆ కుటుంబాన్ని ఎటు నడిపించిందో ఆలోచించండి అన్నారు. మంచంలో ఉన్న అత్తగారికి సేవ చేస్తున్న ఒక అక్క, మరి నాది ఏమిటండీ అంటే, ప్రేమతో ఒప్పుకుని చేస్తే సిలువే, కానీ ఇంట్లో మగవాళ్లు కూడా అందులో భుజం పెట్టాలి అన్నారు. నాకైతే ఈ జవాబు మిగతా రిట్రీట్ అంతటికన్నా విలువైనది.

మధ్యాహ్నం చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, రోజువారీ బతుకులో సిలువ ఎత్తుకోవడం అంటే ఏమిటో మాట్లాడించారు. మా గుంపులో వచ్చినవి ఇవీ: కొడుక్కి కట్నం వద్దనడం, స్థలం రిజిస్ట్రేషన్‌లో అసలు ధర రాయించడం, కొనని సిమెంటు బస్తాలు బిల్లుల్లో చూపించకపోవడం, పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ముల ఇంటికి ముందు మనమే వెళ్లడం. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది, మన పెళ్లిళ్లలో మాత్రం ప్రార్థనతో మొదలై బేరంతో ముగిసే మాటలు ఇప్పటికీ వింటూనే ఉన్నాం. కులం దగ్గరికి వచ్చేసరికి అందరూ మౌనం. చర్చిలో ప్రభు భోజనమప్పుడు ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రెండు కుటుంబాలు పిల్లల సంబంధం అనగానే ఎందుకు వెనక్కి తగ్గుతాయో అన్న ప్రశ్న మా నాయకుడు వేశారు గానీ టైమ్ అయిపోయిందని ఆపేశారు. ఆపకూడని చోట ఆపారు, ఇక్కడ ఒక మార్కు తగ్గిస్తున్నాను.

శనివారం రాత్రి డిచ్‌పల్లి కథ చెప్పారు. నిజామాబాద్ జిల్లాలో కుష్ఠురోగుల కోసం డాక్టర్ ఇసబెల్ కెర్, ఆవిడ భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో తెరిచిన ఆస్పత్రి అది. ఊళ్లు తరిమేసినవాళ్లని చేరదీసి, చౌల్‌ముగ్రా నూనె ఇంజెక్షన్లతో వైద్యం చేశారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఎవరూ బలవంతపెట్టకుండా ఎంచుకున్న పని అది కాబట్టి ఉదయం విన్న మాటకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనిపించింది.

ఆదివారం ఉదయం బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మాత్రం నిరాశపరిచారు. సిలువ మోస్తే ఇల్లు వస్తుంది, వీసా వస్తుంది, అప్పులు తీరతాయి అన్నట్టు సాగింది ప్రసంగం. లూకా 9:23కి ముందు వచనంలోనే యేసు తాను శ్రమలు పొందాలని, చంపబడాలని చెబుతుంటే దాని మీద వీసా ఎక్కడిదండీ? కానుకల కోసం రెండుసార్లు పిలవడం కూడా బాగాలేదు, ఫీజు ముందే కట్టించుకున్నారు కదా.

వసతి సంగతి క్లుప్తంగా: గదులు శుభ్రం, ఫ్యాన్లు పనిచేశాయి, బాత్రూములు చాలవు, ఉదయం ఐదింటికే లేవండి. పప్పు, రసం, గోంగూర పచ్చడి బాగున్నాయి, శనివారం రాత్రి ఉపవాసం పాటించేవాళ్లకి పళ్లు విడిగా ఇచ్చారు. స్పీకర్లు హాలు వెనక వరసలకి వినిపించవు, పెద్దవాళ్లతో వెళ్తే ముందే వెళ్లి ముందు కూర్చోండి. చిన్నపిల్లలకి వేరే క్లాసు లేదు, దానివల్ల తల్లులు సగం టైమ్ వరండాలోనే గడిపారు, టీచరమ్మ సెషన్ అందరికన్నా ముందు వినాల్సింది ఆ తల్లులే.

వచ్చే ఏడు వెళ్లాలనుకునేవాళ్లు శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారానికి ముందే పేరిచ్చెయ్యండి, స్త్రీల గదులే ముందు నిండిపోతాయి. పేరు రాయించేటప్పుడే టీచరమ్మ సెషన్ ఉందా, పిల్లలకి సండే స్కూల్ టీచర్‌ని పెడుతున్నారా అని అడగండి, నలుగురం అడిగితే పెడతారు.