సంక్షేమ కంప్యూటర్లు: ఒకేసారి మార్చాలా, ముక్కలుగానా?

సంక్షేమ పథకాలు నడిపే పాత కంప్యూటర్ వ్యవస్థను అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఒకేసారి మార్చాలనుకుంది. 2006లో కంప్యూటర్ కంపెనీ ఐబీఎంతో పదేళ్లకు సుమారు 130 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఫుడ్ స్టాంపులు (పేదలకు తిండి సాయం), మెడికెయిడ్ (పేదలకు వైద్య సాయం) దరఖాస్తుల పని చాలావరకు కాల్ సెంటర్లకు, ఆన్‌లైన్‌కు మళ్లింది. ‘నా కేసు చూసేది ఈయన’ అని చెప్పుకోడానికి మనిషే లేకుండా పోయాడు. పంపిన కాగితం ఎక్కడో తప్పిపోతే ‘సహకరించలేదు’ అని రాసి దరఖాస్తు కొట్టేసేవారు. తప్పు ఎవరిదైనా పస్తులు పేదవాడికే! 2009లో గవర్నర్ ఒప్పందం రద్దు చేశారు. ఆపైన ఏళ్ల తరబడి కోర్టు గొడవ.

కాలిఫోర్నియా పిల్లల సంరక్షణ విభాగం 2015లో కొత్త సాఫ్ట్‌వేర్ కోసం ఒకే భారీ టెండర్ ఆలోచన మానుకుని పనిని ముక్కలు చేసింది. ఇదీ నత్తనడకే. ఏళ్లు గడిచినా 1990ల నాటి సాఫ్ట్‌వేరే దిక్కయింది. అయినా నా ఓటు దీనికే: ఒక ముక్క చెడితే దాన్నే బాగుచేసుకోవచ్చు, ఈలోగా పాతది నడుస్తూనే ఉంటుంది.