ఫ్లాయిడ్ రోజ్ స్పెషల్: శ్రుతి నిలుస్తుంది, శాడిల్స్ దగ్గరే జాగ్రత్త

మధ్యరకం ధరలో దొరికే ఎలక్ట్రిక్ గిటార్ల మీద ఫ్లాయిడ్ రోజ్ ట్రెమొలో (బార్ నొక్కితే శ్రుతిని ఊపే బ్రిడ్జ్) కనిపిస్తే చాలాసార్లు అది ‘స్పెషల్’ రకమే. పనిచేసే తీరు అదే కంపెనీ ఖరీదైన ‘ఒరిజినల్’ రకం లాంటిదే. 1979లో పేటెంట్ వచ్చిన ఆ పద్ధతిలో తీగను నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర ఒకసారి, బ్రిడ్జ్ శాడిల్‌లో (ఒక్కో తీగ కొసను పట్టే ముక్క) ఇంకోసారి నొక్కి పట్టేస్తారు. బార్‌ని తీగలు వేలాడేదాకా నొక్కి వదిలినా శ్రుతి తిరిగి వచ్చేది అందుకే. తేడా అంతా లోహంలో ఉంది. ఒరిజినల్ శాడిల్స్ గట్టిపరచిన ఉక్కువి. స్పెషల్‌లో శాడిల్స్, బ్రిడ్జ్ కింద స్ప్రింగులు తగిలే బ్లాక్ జింక్ మిశ్రమంతో చేసినవి. (అసలు ట్రెమొలో అన్న పేరే తప్పు. ట్రెమొలో అంటే శబ్దం పెరిగి తగ్గడం, ఈ బార్ చేసేది శ్రుతిని ఊపడం. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ నాటి నుంచి ఆ పేరే అతుక్కుపోయింది.)

‘శ్రుతి నిలవడం లేదు’ అని స్పెషల్‌ని తిట్టేవాళ్లు ఎక్కువ. ఆ తిట్లలో చాలావాటికి కారణం సెటప్. ఈ బ్రిడ్జ్ తూకం లాంటిది: పైన తీగలు ఒకవైపు లాగుతుంటే, వెనక గదిలోని స్ప్రింగులు రెండో వైపు లాగుతాయి. 9-42 తీగల సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ 0.009, మందపుది 0.042 అంగుళాలు) మామూలు శ్రుతిలో మొత్తం దాదాపు 38 కిలోల బలంతో లాగుతుంది. 10-46 అయితే దాదాపు 47. అంటే సెట్టు మందం పెంచి, స్ప్రింగుల జోలికి పోకపోతే బ్రిడ్జ్ వెనక భాగం పైకి లేచి కూర్చుంటుంది. అప్పుడు ఒక తీగ పెంచితే మిగతా ఐదూ దిగుతాయి, అవి సరిచేస్తే మొదటిది దిగుతుంది. గంట గడిచినా పని తెమలదు.

దీనికి తేలిక మార్గం ఒకటుంది. వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన క్లా (కొక్కేల పలక) స్క్రూలు రెండూ రెండు మూడు చుట్లు వదులు చేయండి. బ్లాక్‌కీ, స్ట్రాప్ బటన్ వైపు గోడకీ మధ్య ఖాళీలో చిన్న చెక్కముక్కో, పేక ముక్కల కట్టో దూర్చి బ్రిడ్జ్ గిటార్ ఒంటికి సమాంతరంగా ఉండేలా ఆపండి. ఇప్పుడది కదలదు కాబట్టి ఆరు తీగలూ మామూలు గిటార్‌లాగే శ్రుతి చేసుకోవచ్చు. తీగల్ని ఒక్కొక్కటిగా లాగి సాగదీసి మళ్లీ శ్రుతి చేయండి. కొత్త తీగలకు మూడు నాలుగు సార్లైనా ఇది తప్పదు. ఆ తర్వాత క్లా స్క్రూలను పావు చుట్టు చొప్పున, రెండింటినీ సమంగా బిగిస్తూ పోండి. ఒకచోట చెక్కముక్క తనంతట తానే జారి పడుతుంది. తూకం కుదిరింది అక్కడే. ముక్క తీసేశాక శ్రుతి కాస్త దిగితే ఇంకొంచెం బిగించండి, పెరిగితే వదలండి, ట్యూనర్లు ముట్టుకోవద్దు.

అయితే ఈ పనికి ముందే మెడ వంపు, తీగల ఎత్తు సరిచూసుకోవాలి. తీగను మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత), చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి చూస్తే ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య 0.25 మి.మీ. ఖాళీ ఉంటే చాలు. తీగల ఎత్తు బ్రిడ్జ్ ఆనుకుని ఊగే రెండు పోస్టులతో మారుతుంది. తీగలు పూర్తి బిగువులో ఉండగా పోస్టులు తిప్పడం ఈ బ్రిడ్జ్‌కి చేసే పెద్ద అన్యాయం. పోస్టుకి ఆనుకున్న కత్తి అంచు అరిగిపోతుంది, ఒకసారి అరిగితే బార్ వదిలాక బ్రిడ్జ్ ఏ రోజుకారోజు వేరే చోట ఆగుతుంది. ముందు తీగలు వదులు చేసి తిప్పండి. ఆ అంచుకి వేజలిన్ చుక్క రాస్తే మంచిది.

నట్ బిగించగానే శ్రుతి పెరిగితే తప్పు నట్‌ది కాదు. హెడ్‌స్టాక్ (మెడ కొసన ట్యూనర్లుండే భాగం) మీద నట్ వెనక ఉండే అడ్డ బార్ తీగల్ని సరిగ్గా కిందికి నొక్కడం లేదన్నమాట. దాని రెండు స్క్రూలు దించితే తీగ నట్‌కి ఆనుకుంటుంది. నట్ బిగించే ముందు బ్రిడ్జ్ మీది ఫైన్ ట్యూనర్లన్నీ (నట్ బిగించాక శ్రుతిని కొద్దిగా సవరించే మరలు) సగంలో ఉండాలి. చివరిదాకా తిరిగిపోయి ఉంటే తర్వాత సవరించడానికి చోటుండదు, మళ్లీ నట్ విప్పాల్సిందే.

ఇక స్పెషల్ అసలు బలహీనత. తీగ గుండు కత్తిరించి, కొసను శాడిల్‌లో పెట్టి 3 మి.మీ. అలెన్ కీతో బిగిస్తాం కదా, ఉక్కు శాడిల్ కొంత మొరటుతనాన్ని ఓర్చుకుంటుంది; జింక్‌ది ఓర్చుకోదు. కీ పొడుగు వైపు పట్టుకుని బలం చూపిస్తే మర పోతుంది, లేదా శాడిల్ పగులుతుంది. కీ పొట్టి వైపు పట్టుకుని, ఆగిన చోట ఇంకొక్క నొక్కు, అంతే. తీగ కొస నిటారుగా, మధ్యలో ఉందో లేదో చూడండి. పక్కకి ఒరిగిన తీగే జారుతుంది. శాడిల్స్, బ్లాక్ విడిగా దొరుకుతాయి. డబ్బు పెట్టదలిస్తే మొదట ఉక్కు శాడిల్స్‌కే పెట్టండి, ఇత్తడి బ్లాక్ తర్వాత.

ఇంటొనేషన్ (మెడ పొడవునా స్వరాలు సరిగ్గా పలకడం) చివర్లో: పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకి. ఇందులో శాడిల్‌ని తోసే స్క్రూ ఉండదు. తీగ వదులు చేసి, ముందు స్క్రూ విప్పి, చేత్తో జరిపి బిగించి మళ్లీ చూడాలి. విసుగు పుట్టించే పని, ఒరిజినల్‌లోనూ ఇంతే.

డ్రాప్ డి (అన్నిటికన్నా మందపు తీగను ఒక పూర్తి స్వరం దించే శ్రుతి), మామూలు శ్రుతి మధ్య పాట పాటకీ మారేవాళ్లు దీని జోలికి పోవద్దు. వేదిక మీద ఒక తీగ తెగితే మిగతా ఐదూ ఒక్కసారిగా పెరిగిపోతాయి, కాబట్టి రెండో గిటార్ పక్కనే ఉండాలి. బార్ బాగా వాడేవాళ్లకి మాత్రం ఈ ధరలో స్పెషల్ సరైన బేరమే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉంటే వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో బ్రిడ్జ్ తుడిచి, శాడిల్ స్క్రూలకి నెలకోసారి ఒక చుక్క మెషిన్ ఆయిల్ వేయండి. తుప్పు పట్టిన స్క్రూని విప్పబోతే ముందు చెడేది దాని తలలోని ఆరు మూలల గుంటే.