శాలిహుండం గునుగు, కళింగపట్నం బాలబండి

పూల ఫొటోలంటే మా విశాఖ వాళ్లందరూ వలిసె పూల కోసం అరకు ఎక్కుతారు. నాకు మాత్రం ఎవరూ నాటని పూలంటే ఇష్టం. మెట్ట చేలల్లో గునుగు, గట్ల మీద తంగేడు, సముద్రపు ఇసుకలో పాకే బాలబండి తీగ. వీటి కోసమే దసరా వెళ్లిన వారం శ్రీకాకుళం జిల్లా గార మండలంలో మూడు రోజులు తిరిగాను.

మొదటి రోజు పొద్దున్నే శాలిహుండం కొండ, మధ్యాహ్నం కళింగపట్నం సముద్రతీరం పెట్టుకున్నాను. అది పొరపాటు. బాలబండి పువ్వు ఉదయం విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. నేను రెండు గంటలకు వెళ్తే ఊదారంగు పూలన్నీ ముడుచుకుని ఉన్నాయి. మర్నాడు తిరగేశాను: తెల్లవారి సముద్రం, సాయంత్రం కొండ.

శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) దగ్గర లాడ్జిలో దిగాను, రోజుకు 1,100 రూపాయలు. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు కిందకు దిగితే గ్రిల్ గేటుకు తాళం. మనిషిని లేపి తీయించేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. సూర్యోదయం 5.50 ప్రాంతంలో, ఆ టెన్షన్ మామూలుగా లేదు. ఏ లాడ్జిలో దిగినా రాత్రే చెప్పి ఉంచండి. ఇంత అయినా శ్రీకాకుళంలో ఉండటమే మంచిది. విశాఖ నుంచి వంద కిలోమీటర్ల పైనే, తెల్లారేసరికి అందుకోలేం. బస్సులు ఆ వేళకు కుదరవు. ఆటో అబ్బాయి రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి 900 అడిగాడు. చెప్పిన టైముకు ముందే వచ్చి నిలబడ్డాడు, ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. లైట్‌హౌస్ దాటి ఇసుక మీద నడిస్తే బాలబండి తీగలు నీటి వైపు పాకుతూ కనిపిస్తాయి. ఆ తీగే మనకు దారి. ఫ్రేము కింది మూల నుంచి మొదలై సూర్యుడి దాకా కన్ను నడిచేలా ఒక తీగను ఎంచుకున్నాను. ఎక్కువ వెడల్పు పట్టే 18 ఎంఎం లెన్సు, దగ్గరిదీ దూరందీ స్పష్టంగా రావడానికి ఎఫ్ 11 (లెన్సు రంధ్రం చిన్నది), కెమెరా ఇసుకకు జానెడు ఎత్తులో, ఫోకస్ దగ్గరి పువ్వు కంటే కాస్త అవతల. గాలి రేగితే పువ్వు చెదిరిపోతుంది, అప్పుడు ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 800కి పెంచి షట్టర్ వేగం పెంచాను. ట్రైపాడ్ కాళ్లు ఇసుకలోకి గట్టిగా దించాలి, లేకపోతే అల వచ్చిన ప్రతిసారీ కుంగుతుంది.

నా మనసు పూర్తిగా దోచుకున్నది శాలిహుండం. 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం ఇది. కొండ మీద ఇటుక స్తూపాలు, కింద వంశధార. ఇటుకల మీద ఎక్కకండి, కాలిబాట నుంచే గుండ్రటి వరసలు చక్కగా అందుతాయి. గునుగు మాత్రం కొండ దిగువ చేలల్లోనే దొరికింది.

ఇక్కడ పూలు పరుచుకుని ఉండవు, అడుగుకో కంకి. నిలబడి తీస్తే పువ్వుల కంటే మట్టే ఎక్కువ పడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను కంకుల ఎత్తుకు దించి, దూరాన్ని దగ్గరగా చూపే 200 ఎంఎం లెన్సుతో దూరం నుంచి తీశాను. ముందువి, వెనకవి దగ్గరికి జరిగి చేనంతా పూసినట్టు వచ్చింది. అందరికంటే ఎత్తుగా ఉన్న ఒక్క కంకి మీదే ఫోకస్. ఇంకో సంగతి, గునుగు తెల్లది. తెల్లటి ఆకాశం వెనక ఉంటే కలిసిపోతుంది. అందుకే నీడలో ఉన్న తాటితోపు వెనకకు వచ్చేలా పక్కకు జరిగాను. సూర్యుడు ఎదురుగా వాలుతుంటే ఒక్కో కంకి అంచున వెండి గీత, కొనన గులాబి. పది నిమిషాలే ఆ వెలుగు.

మూడో రోజు తిరుగు దారిలో విజయనగరం దాటి తాటిపూడి జలాశయం చూశాను. వెనక కొండల వరసలు బాగున్నాయి, పూలు అక్కడక్కడే. పూల కోసమైతే పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు. అక్టోబరు తుఫానుల నెల కాబట్టి బయల్దేరే ముందు వాతావరణం చూసుకోండి. 2018లో తిత్లీ ఈ జిల్లాను ఊడ్చేసింది అక్టోబరులోనే.

శాలిహుండం దిగువన ఆ చేను ఒక పెద్దాయనది. అడిగే దిగాను. "ఏటి బాబూ, కలుపు మొక్కకి ఇంత దూరమొచ్చినావా? ఎల్లుండి పీకించేస్తన్నాను" అన్నాడు. "ఒక్కసారి ఇది చూడు తాతా" అని కెమెరా తెర చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత గట్టు మీద గేదెను తోలుతున్న మనవణ్ణి కేకేసి పిలిచాడు. "ఒరే, ఇలారా. ఇది మన చేనేరా."